వీపుసంచిలో పట్టే .22 సర్వైవల్ రైఫిల్: ఏఆర్-7, లిటిల్ బ్యాడ్జర్, 10/22 టేక్‌డౌన్... ఏది మోయాలి?

బాటసారి49:
ఆగస్టులో అలాస్కా, బ్రూక్స్ రేంజ్ దక్షిణపు అంచున ఇద్దరం 12 రోజుల కాలినడకకు వెళ్తున్నాం. చిన్న విమానం ఒక చోట దించేసి ఇంకో చోట ఎక్కించుకుంటుంది. వాతావరణం బాగోక విమానం నాలుగైదు రోజులు రాకపోతే కుందేలో గ్రౌజ్ పక్షో కొట్టుకోడానికి పనికొచ్చే తుపాకీ ఒకటి కావాలి.

నా షరతులు: 2 కిలోలు దాటకూడదు. 45 సెం.మీ. మించకుండా విడిపోవాలి లేదా మడతపడాలి, సంచి బయటికి గొట్టం కనబడకూడదు. తూటాలు .22 ఎల్ఆర్ (లాంగ్ రైఫిల్, చిన్న జంతువులకు వాడే సన్న రకం). ఖర్చు 500 డాలర్ల లోపు. ప్రస్తుతానికి హెన్రీ ఏఆర్-7, చియాప్పా లిటిల్ బ్యాడ్జర్, రూగర్ 10/22 టేక్‌డౌన్ చూస్తున్నాను. నాతో వచ్చే ఆయన మాత్రం ఎలుగుబంట్ల కోసం 12 గేజ్ షాట్‌గన్ ఉండాల్సిందే అంటున్నారు. ఒకే తుపాకీతో రెండు పనులూ అవుతాయా?

ఇరుకుసంచి:
చివరి ప్రశ్నకు ముందు జవాబు. అవ్వవు. .22 ఎల్ఆర్ 40 గ్రెయిన్ (అంటే ఎగిరిపోయే సీసం బరువు 2.6 గ్రాములు) తూటా సెకనుకు 376 మీటర్లతో బయల్దేరితే దాని శక్తి 185 జౌళ్ల దగ్గర ఆగిపోతుంది. గోధుమ ఎలుగుకు అది దెబ్బ కాదు, రెచ్చగొట్టడం. ఎలుగు విషయం ఎలుగు స్ప్రేకి (ఎలుగు మొహం మీదికి కొట్టే మిరప ఘాటు మందు) వదిలేయండి. అమెరికాలో నమోదైన స్ప్రే డబ్బాలో కనీసం 225 గ్రాముల మందు ఉంటుంది, కాప్సైసిన్ జాతి పదార్థాలు 1 నుంచి 2 శాతం. అలాస్కాలో జరిగిన ఘటనలన్నీ పరిశీలించి 2008లో అచ్చయిన అధ్యయనంలో గోధుమ ఎలుగుల విషయంలో స్ప్రే పది సార్లలో తొమ్మిది సార్లకు పైగా పనిచేసిందని తేలింది. ఇద్దరికీ చెరొకటి. సంచిలో కాదు, నడుం బెల్టుకో ఛాతీ పట్టీకో ఉండాలి.

ఇక మీ జాబితాలో కొలతలు:

హెన్రీ ఏఆర్-7: 1.6 కిలోలు. బ్యారెల్ (గొట్టం), రిసీవర్ (పేల్చే యంత్రాంగం ఉండే మధ్య భాగం), మ్యాగజీన్లు (తూటాల డబ్బాలు) అన్నీ స్టాక్ (భుజానికి ఆనించే వెనక భాగం) లోపలికే వెళ్లిపోతాయి. మూత పెట్టాక 42 సెం.మీ. 8 తూటాల మ్యాగజీన్, సెమీ ఆటో (ఒకటి పేలాక తర్వాతి తూటా దానంతటదే ఎక్కుతుంది).

లిటిల్ బ్యాడ్జర్: 1.3 కిలోలు. ఒక్కో తూటా పెట్టి కాల్చేది, మధ్యలో విరిచి మడిస్తే 43 సెం.మీ. స్టాక్ అంటే వంచిన ఇనుప కడ్డీయే.

10/22 టేక్‌డౌన్: 18.5 అంగుళాల బ్యారెల్‌తో 2.1 కిలోలు. రెండు ముక్కలవుతుంది కానీ పెద్ద ముక్క అర మీటరు దరిదాపు. 10 తూటాల గుండ్రటి మ్యాగజీన్.

మీ షరతుల ప్రకారం మూడోది బరువులోనూ పొడుగులోనూ ఫెయిల్. అయినా దాన్ని ఇప్పుడే కొట్టేయకండి, కారణం కింద ఎవరో ఒకరు చెబుతారు.

స్క్రూడ్రైవర్:
ఆ ఎవరో ఒకరిని నేనే.

విడదీసే తుపాకీలో మొదట చూడాల్సింది బరువు కాదు. వెనక సైటు, ముందు సైటు (గురి చూసే గుర్తులు) ఒకే ముక్క మీద ఉన్నాయా లేదా అన్నది చూడాలి.

ఏఆర్-7లో ముందు సైటు బ్యారెల్ మీద ఉంటుంది, వెనక పీప్ సైటు (రంధ్రంలోంచి చూసేది) రిసీవర్ మీద. రెండింటినీ కలిపి ఉంచేది బ్యారెల్ మొదట్లో ఉన్న ఒక్క నట్. అది పావు చుట్టు వదులైతే చాలు, బ్యారెల్ ఊగుతుంది, గురి తప్పుతుంది. పది మీటర్లలో పక్షి తల ఎంతుంటుందో తెలిసిన విషయమే, రూపాయి బిళ్లంత. అక్కడ రెండు మూడు సెంటీమీటర్ల తేడా అంటే పక్షి ఎగిరిపోయినట్టే.

10/22 టేక్‌డౌన్‌లో ఫ్యాక్టరీ ఇనుప సైట్లు రెండూ బ్యారెల్ మీదే. జాయింటు కాస్త వదులైనా సైటూ బ్యారెలూ కలిసే కదులుతాయి కాబట్టి గురి మారదు. లిటిల్ బ్యాడ్జర్‌లోనూ అంతే. ఉత్పత్తి ఆగిపోయిన మార్లిన్ పాపూస్ 70పీఎస్ఎస్ (1.5 కిలోలు, 7 తూటాలు) కూడా ఈ కోవలోదే. సెకండ్ హ్యాండ్‌లో మంచిది కనబడితే వదలొద్దు. బ్యారెల్ నట్ బిగించే చిన్న రెంచి దాంతో పాటు ఉందో లేదో మాత్రం అడగండి.

ఒక మెలిక ఉంది. 10/22కి స్కోప్ పెట్టారంటే అది రిసీవర్ మీద కూర్చుంటుంది. అంటే మళ్లీ ఏఆర్-7 కథే. స్కోప్ వద్దు.

రిమ్‌ఫైర్_రావు:
స్క్రూడ్రైవర్ గారి మాట నిజమే కానీ ఏఆర్-7ని మరీ తీసిపారేయక్కర్లేదు. యూజీన్ స్టోనర్ ఆర్మలైట్‌లో ఉండగా వేసిన డిజైన్ అది. వైమానిక దళం కోసం చేసిన ఏఆర్-5 అనే .22 హార్నెట్ (ఎల్ఆర్ కన్నా శక్తి ఎక్కువున్న తూటా) బోల్ట్ యాక్షన్ (ప్రతి తూటాకీ చేత్తో బోల్ట్ లాగాల్సిన) రైఫిల్‌ని సాధారణ జనం కొనేలా .22 ఎల్ఆర్ సెమీ ఆటోగా మార్చారు. దానికొచ్చిన చెడ్డపేరులో సగం పాత కంపెనీల మ్యాగజీన్లది, ఇంకో సగం తప్పుడు తూటాలది.

ఎందుకంటే చాలా రైఫిళ్లలో తూటాని ఛాంబర్‌లోకి (తూటా కూర్చుని పేలే చోటు) ఎక్కించే వాలు రిసీవర్‌లోనో బ్యారెల్‌లోనో ఉంటుంది. ఏఆర్-7లో ఆ వాలు మ్యాగజీన్‌లోనే భాగం. మ్యాగజీన్ కిందపడి మూతి కాస్త వంగిందంటే రైఫిల్ మొత్తం వంగినట్టే లెక్క. లక్షణాన్ని బట్టి జబ్బు పట్టుకోవచ్చు:

తూటా ముక్కు కిందికి దిగి ఛాంబర్ కింది అంచుకు గుద్దుకుంటే వాలు దెబ్బతింది, లేదా స్ప్రింగు బలం తగ్గింది. ముక్కు పైకి లేచి ఇరుక్కుంటే మ్యాగజీన్ పెదవులు విచ్చుకున్నాయి. ఖాళీ కేసు (పేలాక మిగిలే గుల్ల) బయటపడకుండా బోల్ట్ (ముందుకీ వెనక్కీ కదిలి తూటా ఎక్కించే దిమ్మ) నోట్లో నిలబడితే తూటాలో దమ్ము చాల్లేదు, లేదా ఎక్స్‌ట్రాక్టర్ (ఖాళీ కేసుని లాగే కొక్కెం) కింద మసి పేరుకుంది.

పెదవుల్ని పటకారుతో సరిచేయొచ్చని చెప్పేవాళ్లుంటారు. ఇంట్లో సరదాకి చేయండి. అడవికి మాత్రం కొత్త మ్యాగజీన్ పట్టుకెళ్లండి, అది బిస్కెట్ ప్యాకెట్ కన్నా బరువుండదు.

తూటాలు: 40 గ్రెయిన్, గుండ్రటి ముక్కు, రాగి పూత, హై వెలాసిటీ. అంతే. సీసీఐ కంపెనీ మినీ మ్యాగ్ గుండ్రటి ముక్కు రకం సెకనుకు 1235 అడుగులు, అది సరిపోతుంది. అదే కంపెనీ స్టాండర్డ్ వెలాసిటీ 1070 అడుగులు, బోల్ట్‌ని పూర్తిగా వెనక్కి తోయకపోవచ్చు. స్టింగర్ లాంటి 32 గ్రెయిన్ హాలో పాయింట్ (ముక్కు గుంటగా ఉండేది) వేగంగా పోతుంది కానీ దాని నోరు ఛాంబర్ అంచుకు తగులుతుంది.

మ్యాగజీన్ నింపేటప్పుడు ఇంకో జాగ్రత్త. .22 తూటా అడుగున అంచు ఉంటుంది కదా. పై తూటా అంచు, కింది తూటా అంచుకు ముందు వైపు ఉండాలి. వెనక పడితే బోల్ట్ రెండింటినీ కలిపి లాగి జామ్ చేస్తుంది. ఒక్కో తూటా వేశాక మ్యాగజీన్ వీపుని అరచేతిలో తట్టండి.

మంచుబాట:
లిటిల్ బ్యాడ్జర్ గురించి ఎవరూ సరిగ్గా చెప్పలేదు. జామ్ అయ్యేది లేదు, పోగొట్టుకునే ముక్క లేదు, మ్యాగజీన్ లేదు. స్టాండర్డ్, సబ్‌సోనిక్ (ధ్వని కన్నా నెమ్మదిగా పోయేది), హై వెలాసిటీ, హాలో పాయింట్ ఏది పెట్టినా కాలుస్తుంది. తిండి కోసం కొట్టేవాడికి రెండో తూటా అంత అవసరమా? నిశ్శబ్దంగా పోయే సబ్‌సోనిక్ తూటా గ్రౌజ్ పక్షి మీద వేస్తే పక్క కొమ్మ మీది రెండోది చాలాసార్లు కదలదు కూడా. అమెరికన్లు స్ప్రూస్ గ్రౌజ్‌ని వెర్రిబాగుల కోడి అని ఊరికే అనరు.

లోపాలు ఉన్నాయి. ఖాళీ కేసు పూర్తిగా బయటికి దూకదు. కాస్త పైకి లేస్తుంది, గోటితో లాగాలి. మందపాటి చేతి తొడుగులతో కుదరని పని, పుల్ల ఒకటి దగ్గరుంచుకోండి. మడిచినప్పుడు ఛాంబర్ నోరు తెరుచుకునే ఉంటుంది, ఇసుకా ఆకు చెత్తా దూరతాయి. గట్టి జిప్ సంచి తప్పనిసరి. ఇంకోటి ఆ కడ్డీ స్టాక్. చలిలో చెంప ఆనిస్తే చురుక్కుమంటుంది, తడి చెంప అయితే అంటుకుంటుంది కూడా. పారాకార్డ్ ఐదారు మీటర్లు దగ్గర దగ్గరగా చుట్టేస్తే చెంపకు మెత్తగా ఉంటుంది, అవసరమైతే ఆ తాడు ఉచ్చులకూ గుడారానికీ పనికొస్తుంది.

బయటికి కనబడే హ్యామర్ (తూటాని పేల్చే సుత్తి) ఉన్న తుపాకీ అది. తూటా పెట్టుకుని నడవొద్దు. పక్షి కనబడ్డాక విరిచి, తూటా పెట్టి, మూసి, హ్యామర్ లాగడానికి నాలుగు సెకన్లు చాలు.

కాంపాస్_లక్ష్మి:
ఒక్క లెక్క వేసుకుందాం. అడవి కుందేలు పచ్చి మాంసం 100 గ్రాములకు 114 కేలరీలు. ఒక కుందేలుకి అర కిలో మాంసం వచ్చిందనుకుంటే 570 కేలరీలు. ఇద్దరు బరువులు మోస్తూ నడుస్తుంటే రోజుకి తలా 3000 పైనే కావాలి. అంటే రోజుకి పదికి పైగా కుందేళ్లు! పైగా ఆ మాంసంలో కొవ్వు దాదాపు ఉండదు. కొవ్వూ పిండిపదార్థమూ లేకుండా వట్టి కుందేలు మాంసం మీదే బతకబోతే కొన్నాళ్లకు విరేచనాలు, నీరసం, ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతాయి.

1.6 కిలోల రైఫిలూ 340 గ్రాముల తూటాలూ (వంద) కలిపితే దాదాపు 2 కిలోలు. అదే బరువుకి పల్లీలూ నెయ్యీ కలిపి మోస్తే 12 వేల కేలరీల పైమాటే, వేటాడక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు. విమానం నాలుగు రోజులు ఆలస్యమవుతుందని ముందే తెలిసినప్పుడు నాలుగు రోజుల తిండి ఎక్కువ మోయడమే సూటి మార్గం. ఉపగ్రహ సందేశ పరికరం 100 గ్రాములు, అది ముందు కొనండి. రైఫిల్ వద్దనడం లేదు. అది తిండికి తోడు, తిండికి బదులు కాదు.

బాటసారి49:
లక్ష్మి గారూ, సందేశ పరికరం ఉంది, నాలుగు రోజుల అదనపు తిండీ లెక్కలో ఉంది. రైఫిల్ దాని పైన. సరే, ఎలుగుకి స్ప్రే అని ఒప్పుకున్నాం. మా ఆయన (అదే, తోటి నడకరి!) ఇప్పుడు .22 పైన, .410 షాట్‌గన్ (సన్న గొట్టం రకం) కింద ఉండే జంట గొట్టాలది చూద్దామంటున్నారు. ఎగిరే పక్షినీ కొట్టొచ్చని ఆయన వాదన.

ఇరుకుసంచి:
జంట గొట్టాల ఆలోచన పాతదే. 1950లలో అమెరికా వైమానిక దళానికి ఇథాకా కంపెనీ చేసిన ఎం6 అచ్చం అలాంటిది, పైన .22 హార్నెట్, కింద .410. చేతి తొడుగులతో నొక్కడానికి వీలుగా ట్రిగ్గర్ బదులు పొడవాటి మీట, స్టాక్‌లో తొమ్మిది హార్నెట్ తూటాలు, నాలుగు .410 గుళ్లు. తర్వాత స్ప్రింగ్‌ఫీల్డ్ పేరుతో ఎం6 స్కౌట్ అమ్మారు. ఇప్పుడు కొత్తగా కొనాలంటే సావేజ్ 42 లాంటివి ఉన్నాయి, కానీ అది 2.8 కిలోలు.

పాత సైనిక ఎం6 ఎక్కడైనా అమ్మకానికి కనబడితే మాత్రం జాగ్రత్త. దాని గొట్టాలు 14 అంగుళాలు. అమెరికా ఫెడరల్ చట్టంలో రైఫిల్ బ్యారెల్ కనీసం 16, షాట్‌గన్ బ్యారెల్ 18, మొత్తం పొడవు 26 అంగుళాలు ఉండాలి. తగ్గితే 1934 నాటి చట్టం కింద రిజిస్ట్రేషన్ తప్పదు. పొట్టిగా ఉంటే బాగుంటుందని ఇంట్లో రంపం పెట్టి గొట్టం కోసేవాళ్లు నేరుగా ఈ చట్టంలోనే పడతారు.

బరువు సంగతి గుళ్లలోనే తేలిపోతుంది. ఒక .410 గుండు పొడవుని బట్టి 20 నుంచి 28 గ్రాములు. అదే బరువుకి .22 తూటాలు ఆరు నుంచి ఎనిమిది. కూర్చున్న పక్షిని తలలో కొట్టగలిగినంత కాలం షాట్‌గన్ అక్కర్లేదు. ఎగిరే పక్షిని .410తో కొట్టడం నేర్పరులకే కష్టం. ఇది బలహీనమైన షాట్‌గన్, తేలికైనది కాబట్టి కొత్తవాళ్లకు ఇస్తారు, నిజానికి ఇవ్వాల్సింది ఆరితేరినవాళ్లకి.

ఫారం4473:
అందరూ తుపాకీ ఎంపిక దగ్గరే ఉన్నారు. బాటసారి గారూ, మీ ఇద్దరి ఇమిగ్రేషన్ స్టేటస్ ఏంటి? చెప్పక్కర్లేదు, మీలో మీరు చూసుకోండి.

హెచ్-1బీ, ఎల్-1, ఎఫ్-1 లాంటి నాన్ ఇమిగ్రెంట్ వీసా మీద వచ్చినవాళ్లు అమెరికాలో తుపాకీ గానీ తూటాలు గానీ దగ్గర ఉంచుకోవడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. కొన్ని మినహాయింపులు ఉన్నాయి. మనవాళ్లకు పనికొచ్చేది ఒకటే: ఏదైనా అమెరికా రాష్ట్రం ఇచ్చిన, గడువు తీరని వేట లైసెన్సు. ఆ లైసెన్సు గడువు ఎప్పుడు తీరితే అప్పటినుంచి అల్మారాలో ఉన్న తూటా పెట్టె కూడా సమస్యే. కొన్నప్పుడు లైసెన్సు ఉంది కదా అంటే చెల్లదు. గ్రీన్ కార్డు ఉన్నవాళ్లకు ఈ గొడవ లేదు. కేసు పడితే తుపాకీతో పాటు వీసా భవిష్యత్తూ పోతుంది, కాబట్టి అనుమానం ఉంటే కొనకముందే వకీలుని అడగండి.

ఇక నేల సంగతి. జాతీయ పార్కుల్లో తుపాకీ దగ్గర ఉంచుకోవడానికి 2010 ఫిబ్రవరి నుంచి ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. ఉంచుకోవచ్చు అంటే కాల్చొచ్చని కాదు. గేట్స్ ఆఫ్ ది ఆర్కిటిక్ లాంటి చోట మ్యాపులో పార్క్ అని ఉన్న భాగం వేరు, ప్రిజర్వ్ అని ఉన్న భాగం వేరు. ప్రిజర్వ్‌లో రాష్ట్ర నిబంధనల ప్రకారం లైసెన్సుతో వేటాడొచ్చు. పార్క్ భాగంలో బయటినుంచి వచ్చినవాళ్లకు వేట లేదు. మీ దారి ఏ భాగాల మీదుగా పోతుందో గీత గీసుకుని చూసుకోండి. బయటి రాష్ట్రాల వాళ్లకి అలాస్కాలో చిన్న జంతువుల వేటకి విడిగా లైసెన్సు ఉంది, అది ఎలాగూ తీసుకోండి.

ప్రాణాపాయంలో ఎలుగుని చంపాల్సొస్తే చర్మం గోళ్లతో సహా, పుర్రెతో సహా తీసి ప్రభుత్వానికి అప్పజెప్పాలి. ఆ చర్మం మీ రైఫిల్ కన్నా ఎన్ని రెట్లు బరువో ఊహించుకోండి. స్ప్రేకి ఇదింకో కారణం.

బాటసారి49:
నాకు గ్రీన్ కార్డు ఉంది, ఆయన హెచ్-1బీ. అంటే ఆయన కూడా వేట లైసెన్సు తీసుకోవాలా, రైఫిల్ నా పేరు మీదే ఉన్నా?

ఫారం4473:
చట్టం మాట్లాడేది ఎవరి పేరు మీద ఉందన్నది కాదు, ఎవరి అధీనంలో ఉందన్నది. రైఫిల్ ఆయన సంచిలో ఉంటే, తూటాలు ఆయన జేబులో ఉంటే అది ఆయన అధీనమే. ఒకే గుడారంలో పడుకుంటారు, బరువులు మార్చుకుంటారు. లైసెన్సు తీసుకోవడమే క్షేమం, నడక మొత్తానికీ గడువు సరిపోయేలా.

స్క్రూడ్రైవర్:
సియాటిల్ నుంచో ఇంకెక్కడినుంచో విమానంలో వెళ్తారు కాబట్టి ఇదీ చెప్పాలి. ఏఆర్-7 స్టాక్‌లోనే అన్నీ సర్దుకుంటాయి, అదే పెట్టె అనుకుంటారు చాలామంది. ఎయిర్‌లైన్ లెక్కలో అది పెట్టె కాదు. తాళం వేసే గట్టి పెట్టె కావాలి, తూటా లేకుండా ఉండాలి, చెకిన్ కౌంటర్‌లో చెప్పాలి, తాళంచెవి మీ దగ్గరే ఉండాలి. తూటాలు కంపెనీ అట్టపెట్టెలో, చాలా ఎయిర్‌లైన్లలో మనిషికి 5 కిలోల పరిమితి. విడి తూటాలు జిప్ కవర్లో పోసుకెళ్తే కౌంటర్‌లోనే ఆపేస్తారు. ఎలుగు స్ప్రే మామూలు విమానంలో ఎందులోనూ పోదు, చెకిన్ సామానులో కూడా. అక్కడ దిగాకే కొనాలి. అడవిలోకి తీసుకెళ్లే చిన్న విమానం పైలట్‌కి స్ప్రే ఉందని ముందే చెప్పండి, బయట రెక్క ఊతానికో ఫ్లోట్ పెట్టెలోనో పెట్టిస్తాడు. క్యాబిన్‌లో డబ్బా పగిలితే విమానం నడిపేవాడి కళ్లే మూతపడతాయి.

కారులో కెనడా మీదుగా పోతే వేరే కథ. సరిహద్దులో ఆర్‌సీఎంపీ (కెనడా పోలీసులు) 5589 ఫారం, 25 కెనడా డాలర్లు, 60 రోజుల గడువు. ఫారం ముందే నింపుకోండి, సంతకం మాత్రం అధికారి ముందే. అక్కడి నిషేధ జాబితాలు ఈమధ్య పెరుగుతున్నాయి, మీ మోడల్ పేరు పెట్టి చూసుకోండి.

రిమ్‌ఫైర్_రావు:
ఏది కొన్నా అడవికి పోకముందు ఈ పరీక్ష పెట్టండి. దీనికో పూట పడుతుంది.

మొదట శుభ్రం. కొత్త రైఫిల్‌లో ఫ్యాక్టరీ జిడ్డు ఉంటుంది, తుడిచేసి పల్చటి నూనె ఒక్క చుక్క బోల్ట్ పట్టాల మీద. తర్వాత 25 మీటర్లలో గురి కుదర్చండి. హెన్రీ పీప్ సైటు పలకలో రెండు సైజుల రంధ్రాలుంటాయి. స్క్రూ తీసి తిప్పితే చిన్నది పైకొస్తుంది, గురి కుదర్చడానికి చిన్నది, సంధ్య వెలుతురుకి పెద్దది. ఎడమ కుడి సవరణ ముందు సైటుని పక్కకి తట్టి చేయాలి.

గురి కుదిరాక అసలు పరీక్ష. మూడు తూటాలు కాల్చండి. రైఫిల్‌ని పూర్తిగా విప్పి, స్టాక్‌లో సర్ది, మూత పెట్టి, మళ్లీ బిగించి, అదే కాగితం మీద ఇంకో మూడు. ఇలా మొత్తం ఐదు గుంపులు. పదిహేను రంధ్రాలూ 5 సెం.మీ. వృత్తంలో ఉంటే ఆ రైఫిల్ నమ్మొచ్చు. మూడేసి రంధ్రాలు దగ్గరగానే పడి ఆ గుంపే ప్రతిసారీ చోటు మారుతుంటే తప్పు మీ చేతిది కాదు, జాయింటుది. ఏఆర్-7లో బ్యారెల్ మీది చిన్న మేకు రిసీవర్ గాడిలో పూర్తిగా కూర్చోకముందే నట్ బిగించడం వల్ల ఇలా అవుతుంది. నట్‌ని ఒక చుట్టు తిప్పి, బ్యారెల్‌ని లోపలికి నొక్కి అటూ ఇటూ ఆడించి, అప్పుడు గట్టిగా. ప్రతి మ్యాగజీన్ అయ్యాక నట్‌ని చేత్తో ఒకసారి చూడండి.

10/22 టేక్‌డౌన్‌లో దీనికి పళ్ల రింగు ఉంది. బ్యారెల్ కలిపి, రింగుని వేళ్లతో తిరిగినంత తిప్పండి. ఇంకా ఊగులాట ఉంటే విప్పి ఇంకో క్లిక్కు. ఒకసారి కుదిరితే మళ్లీ ముట్టక్కర్లేదు.

మ్యాగజీన్లకి గోళ్ల రంగుతో 1, 2, 3 అని వేసుకుని ఒక్కోదాంతో వంద తూటాలు కాల్చండి. ఏ మ్యాగజీన్ ఎన్నిసార్లు ఆగిందో రాసుకోండి. ఆగేవన్నీ 2 నంబరులోనే అయితే రైఫిల్‌ని తిట్టకండి.

మంచుబాట:
50 మీటర్లకి గురి పెడితే 100 మీటర్లకి 15 నుంచి 18 సెం.మీ. కిందికి దిగుతుంది. గంటకి 16 కి.మీ. అడ్డగాలి 50 మీటర్లలోనే అంగుళం పక్కకి నెడుతుంది. అందుకని 30 మీటర్లు దాటి కొట్టే ఆలోచనే వద్దు.

చలి, తడి గురించి రెండు ముక్కలు. బయట చల్లబడ్డ రైఫిల్‌ని వెచ్చటి గుడారంలోకి తేకండి, లోపలంతా చెమ్మ పట్టి పొద్దున బయటికి తీశాక ఫైరింగ్ పిన్ (తూటాని కొట్టి పేల్చే సూది) గడ్డకట్టొచ్చు. రాత్రంతా గుడారం బయటే, సంచిలో, తూటా లేకుండా. నూనె ఎక్కువ పెడితే చలికి జిగురవుతుంది, పిన్ మెల్లగా తగిలి .22 పేలదు. ఆగస్టులో అంత చలి అరుదు కానీ బ్రూక్స్ రేంజ్‌లో ఆ నెలలోనే మంచు పడుతుంది.

బ్యారెల్ మూతికి ఎలక్ట్రికల్ టేపు ముక్క అంటించండి, బురద పోకుండా. కాల్చాల్సొస్తే దాన్ని తియ్యక్కర్లేదు. టేపు లేకుండా నేలకి పొడిచి బురద ఎక్కిందంటే మాత్రం శుభ్రం చేయకుండా కాల్చొద్దు, గొట్టం ఉబ్బుతుంది.

కాంపాస్_లక్ష్మి:
తూటా పేలకపోతే? కంగారుగా బోల్ట్ లాగేస్తారు. గొట్టం సురక్షితమైన దిక్కుకి పెట్టి 30 సెకన్లు ఆగాలి, ఆలస్యంగా పేలే అవకాశం ఉంది. .22లో నిప్పు పుట్టించే మందు అడుగు అంచు చుట్టూ ఉంటుంది, ఒకచోట పలచగా పడితే పేలదు. తీసి, సగం తిప్పి మళ్లీ పెడితే చాలాసార్లు పేలుతుంది. సింగిల్ షాట్‌లో ఈ పని చాలా తేలిక, అది బ్యాడ్జర్‌కి ఇంకో మార్కు.

.22 తూటాలోకి నీళ్లు దిగుతాయి, కేసూ సీసమూ కలిసే చోట. గట్టి మూత డబ్బాలో సిలికా పొట్లంతో పెట్టుకోండి. కుందేళ్లు కోసేటప్పుడు చేతికి తొడుగులు వేసుకోండి, తులరేమియా అనే జబ్బు వాటి నుంచి మనుషులకి అంటుతుంది. మాంసం లోపల 74 డిగ్రీల సెల్సియస్ దాకా ఉడకాలి. థర్మామీటర్ మోయరు కాబట్టి ఎముక నుంచి ఊడేదాకా ఉడికించండి. నీళ్లలో ఉడికిస్తే ఉన్న కాస్త కొవ్వు కూడా పులుసులో దక్కుతుంది, నిప్పు మీద కాల్చితే కారిపోతుంది.

బాటసారి49:
ఇప్పుడు కాస్త స్పష్టత వచ్చింది. బ్యాడ్జర్ వైపు మొగ్గుతున్నాను. 0.3 కిలోలు తక్కువ, సైట్లు ఒకే ముక్క మీద, ఏ తూటా అయినా సరే. ఒక్క అనుమానం. అదే బ్యాడ్జర్ .22 డబ్ల్యూఎంఆర్‌లోనూ (మ్యాగ్నమ్ రకం తూటా) వస్తుంది, శక్తి రెట్టింపు పైనే అంటున్నారు. అది తీసుకోనా?

ఇరుకుసంచి:
రెట్టింపు నిజమే, 440 జౌళ్ల దాకా. ఎలుగుకి అదీ చాలదు, గ్రౌజ్‌కి అది మరీ ఎక్కువ. ఛాతీలో తగిలితే పక్షిలో సగం మాంసం చెడిపోతుంది. చప్పుడు ఎక్కువ, తూటా బరువెక్కువ, ధరా ఎక్కువ. సబ్‌సోనిక్ పెట్టుకునే వెసులుబాటు దాదాపు పోతుంది. ఒకదాని తూటా ఇంకోదానిలో వేయకూడదు, .22 ఎల్ఆర్ కేసు డబ్ల్యూఎంఆర్ ఛాంబర్‌లో వదులుగా కూర్చుని చీలిపోతుంది. ఎల్ఆర్‌లోనే ఉండండి.

స్క్రూడ్రైవర్:
బ్యాడ్జర్ తీసుకుంటే సామాను ఇదీ: బ్యాడ్జర్ 1.3 కిలోలు. తూటాలు 60, అందులో 40 స్టాండర్డ్ వెలాసిటీ, 20 హై వెలాసిటీ హాలో పాయింట్, మొత్తం 200 గ్రాముల పైచిలుకు. తాడుతో లాగే .22 శుభ్రం చేసే పట్టీ ఒకటి, 15 మి.లీ. నూనె సీసా, టేపు, పారాకార్డ్. జిప్ సంచితో సహా అన్నీ 1.8 కిలోల లోపే.

రెండు రకాల తూటాలకీ విడివిడిగా గురి చూసి, తేడా ఎంత ఉందో టేపు ముక్క మీద రాసి స్టాక్‌కి అంటించండి. స్టాండర్డ్‌కి సైటు కుదర్చండి, ఎక్కువ వాడేది అదే.

బాటసారి49:
సరే, ఎల్ఆర్‌లోనే. ఆయన వేట లైసెన్సుకి ఈ రాత్రే అప్లై చేయిస్తున్నాను. ఫారం4473 గారూ, వేరే రాష్ట్రంలోని షాపులో చవగ్గా కనబడింది, అక్కడ కొనొచ్చా?

ఫారం4473:
రైఫిల్, షాట్‌గన్ అయితే లైసెన్సున్న డీలర్ దగ్గర, ఎదురుగా నిలబడి కొనొచ్చు, రెండు రాష్ట్రాల చట్టాలూ ఒప్పుకుంటేనే. ఆన్‌లైన్‌లో కొంటే మీ ఊళ్లోని డీలర్‌కే పంపిస్తారు, ఆయన ట్రాన్స్‌ఫర్ ఫీజు కలుపుకుంటే చవక కాస్తా చవక కాకపోవచ్చు. కొనే ముందు ఆ డీలర్‌కి ఫోన్ చేసి ఫీజు ఎంతో అడగండి.